మియాటా సంవాదము

ఫ్రీమాంటు నగరమున ఇంటింటికి ఒక గరాజు ఉన్నది కాని అందులో కారు నిలుపువారు తక్కువ. బియ్యపు బస్తాలు, ఆవకాయ జాడీలు, పిల్లలకు పొట్టియైపోయిన సైకిళ్ళు, ఇండియా ప్రయాణమునకు మాత్రమే క్రిందికి దిగు పెద్దపెట్టెలు అందు కాపురముండును. కారు వీధిలో ఎండకు నిలుచును. నేను ఆదివారము ఉదయము కాఫీకని పోయిన యింట మాత్రము ఈ ధర్మము తలక్రిందులైనది. బియ్యము వంటింటిలోనికి వలసపోయినది. సైకిళ్ళు పెరటిగోడకు చేరగిలబడినవి. గరాజు నడుమ, నాలుగు ఇనుప స్టాండ్లమీద, చక్రములు ఊడదీసిన ఎఱ్ఱని చిన్నకారొకటి, పండుగనాడు తలంటికి కూర్చుండబెట్టిన పిల్లవానివలె ఒంటిమీద ఏమియు లేక వణకుచున్నట్లు కనబడినది. అది 1996 నాటి మాజ్డా మియాటా.

బండి యజమాని ముప్పదేండ్ల సాఫ్టువేరు ఉద్యోగి. ఎదుట మడతకుర్చీలో కూర్చున్నవాడు అతని మేనమామ. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేరి, ఫోర్‌మన్‌గా విశ్రాంతి పొంది, ఆరునెలల వీసామీద చెల్లెలి యింటికి వచ్చియున్నాడు. నేను పోవునప్పటికే ఇరువురికి వాదము మొదలైనది. విన్నది విన్నట్లు వ్రాయుచున్నాను. నడుమ నా మాట రెండుమూడు చోట్ల జొరబడినచో పాఠకులు మన్నింపవలెను.

మామయ్య: ఒరే అబ్బాయీ, ఆరువేల అయిదువందల డాలర్లు పోసి నీతో ఈడైన బండిని కొన్నావు. పోనీ, నలుగురెక్కుదురా అనగా ఇద్దరే. సామాను పట్టునా అనగా ఒక కూరగాయల సంచి పట్టును. పైకప్పు గుడ్డది. దీనిని తోలుకొనిపోయి, ఏ ఊరికిని చేర్చని రోడ్డుమీద, బయలుదేరిన చోటికే మరల వచ్చుటకై దినమంతయు తిరుగుదునని చెప్పుచున్నావు. మా డిపోలో ఇట్టి ట్రిప్పునకు వేబిల్లు వ్రాయరు.

మేనల్లుడు: గుడిచుట్టు ప్రదక్షిణము చేయువాడును బయలుదేరిన చోటికే వచ్చును గదా, మామయ్యా! అతనిని ఏ ఊరు చేరినావని ఎవరైన అడిగినారా? పాతబండి అన్నారు, నిజమే. పాతదియే కావలెనని కొన్నాను. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఈ బండిని మొదట చూపినారు. 2016 నాటికి పదిలక్షలు తయారైనవి. అన్ని బండ్లు లోకములో తిరుగుటచే ఏ విడిభాగము కావలసినను దొరకును, చవుకగా దొరకును. ఒక తలుపు సొట్టపోయినచో నా గుండె పగులదు. క్రొత్తబండి కొని, దానిమీద అప్పు కట్టుచు, మలుపులో భయపడుచు ఏమి నేర్తును? ఇంజను ముందు, తోపు వెనుక చక్రములది, బరువు సుమారు వెయ్యి కిలోలు, నాలుగు చక్రములకును రెండేసి విష్‌బోనుల సస్పెన్షను. నేర్చుకొనువానికి ఇంతకంటె తగినది తక్కువ. దీనిని నిర్మించిన జపానువారు ‘జిన్బా ఇత్తాయ్’ అను మాటను సూత్రముగా పెట్టుకొన్నారు. గుఱ్ఱము, రౌతు ఒకటే శరీరమైపోవలెనని దాని భావము.

మామయ్య: అది మనకు క్రొత్తమాట కాదు. అశ్వహృదయము నెరిగిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలినపుడు, రాజు ఉత్తరీయము జారిపడినదని, ఆపుమని అడుగులోపల అది యోజనము వెనుకబడిపోయినదని కథ. కాని నలునికి విదర్భ చేరవలసిన పని యుండెను. అక్కడ దమయంతి యున్నది. నీ రోడ్డు చివర ఎవరున్నారు?

మేనల్లుడు: ఆ కథయే చెప్పితిరి కనుక, బాహుకుడు గుఱ్ఱములను ఎంచుటయు చెప్పుడు. బలిసినవానిని విడిచి బక్కచిక్కిన గుఱ్ఱములను తెచ్చి కట్టగా, ఇవి నన్నేమి మోయునని రాజు కోపించినాడు. మీరిపుడు చేయుచున్నది అదియే.

(ఇక్కడ మామయ్య నవ్వినాడు. తాను తెచ్చిన కత్తి ఎదుటివాని చేతికి పోయినపుడు నవ్వగలవానితో వాదము వినుట హాయి.)

మామయ్య: సరే, గుఱ్ఱము బక్కదే కానిమ్ము. పందెములు డబ్బున్నవారి వ్యసనము. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగరు ప్రక్కన ఫార్ములా ఇ పందెము జరిగినపుడు నేనును పోయి, జనము నడుమ నిలిచి చూచినాను. విద్యుత్తుబండ్లు, చప్పుడు లేదు, పొగ లేదు, తుమ్మెదలు పోయినట్లు పోయినవి. అవి నడుపువారు బాల్యమునుండి అదే పనిగా బ్రదికినవారు. నీవు పగలంతయు కీబోర్డు ముందు కూర్చుండువాడవు.

మేనల్లుడు: ఇది పందెము కాదు మామయ్యా, ఆ మాటయే మొదట తీసివేయవలెను. ట్రాకు దినమనగా గడియారము లేదు, బహుమతి లేదు, మొదటివాడు కడపటివాడు అను లెక్క లేదు. విల్లోస్ ఊరికడ థండర్‌హిల్ అను ట్రాకు కలదు. 1993లో తెరచినది, తూర్పుచుట్టు మూడు మైళ్ళు. ఉదయమున అందరిని నిలువబెట్టి జెండాల అర్థము చెప్పుదురు: పసుపు కనబడిన ముందు అపాయమున్నదని, నలుపు చూపినచో పిట్‌లోనికి రమ్మని, నీలము చూపినచో వెనుకవానికి దారి విడువుమని. మమ్ము తరగతులుగా విడదీసి, ఇరువది నిమిషములకు ఒక తరగతిని వదలుదురు. క్రొత్తవాని ప్రక్కన గురువు కూర్చుండును. దాటుట తిన్నని దారిలోనే. అదియు ముందుపోవువాడు చేయి వెలుపలికి చాచి ఈ ప్రక్కనుండి పొమ్మని చూపిననే. ఆ మర్యాద మన హైవేమీద ఎక్కడనైన చూచినారా?

మామయ్య: ప్రక్కన కూర్చుండువాడు కృష్ణుడైనచో మేలు. శల్యుడైన?

మేనల్లుడు: ఇద్దరును దొరకుదురట. అది అదృష్టము.

మామయ్య: అదృష్టము మాట వచ్చినది కనుక వేగము సంగతి విడిచి నిలుపుట సంగతి చెప్పు. శ్రీశైలపు ఘాటుకు పంపు క్రొత్త డ్రైవరునకు మేము చెప్పు మొదటి పాఠము, ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగుము అని. వినక బ్రేకుమీద కాలు వేసికొనియే దిగినవాని బస్సు క్రిందికి వచ్చుసరికి లైనర్లు కమురుకంపు కొట్టుచుండును. డ్రమ్ము వేడికి ఉబ్బి లైనరునుండి దూరముగ జరిగిపోవును. ఎంత త్రొక్కినను పట్టు దొరకదు. నేనట్టి బస్సు క్రింద దూరి, చేతికి తడిగుడ్డ చుట్టుకొని పనిచేసినవాడను. ఘాటు ఒక్కమారు దిగుదుము. నీవు ఇరువది నిమిషములు దిగుచునే యుందువు.

మేనల్లుడు: అందులకే చక్రములు ఊడదీసినాను. నా లెక్క వినుడు. వెయ్యి కిలోల బండి గంటకు నూరు మైళ్ళ వేగమున, అనగా 160 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఒక్కమారు పూర్తిగ నిలిపినచో పుట్టు వేడి మూడు లీటర్ల చన్నీటిని మరుగుదాక తెచ్చుటకు చాలును. మలుపునకు ముందు వేగమును సగమునకే దించితిననుకొనుడు. వేడి మాత్రము సగము కాదు, ముప్పాతిక. వేగము వర్గమై లెక్కకు వచ్చును గదా. ఒక చుట్టులో ఇట్టివి నాలుగైదు చిన్నవి పెద్దవి ఉండును. అందుచే మొదటి ఖర్చు ఇంజనుమీద కాదు, బ్రేకు ప్యాడ్లమీద, బ్రేకు ఆయిలుమీద.

(నేను కాఫీ గ్లాసు క్రింది కాగితముమీద ఈ లెక్కను వేసి చూచినాను. వేడి పది లక్షల జౌళ్ళకు కొంచెము తక్కువ; నీటిలెక్క సరిపోయినది. ఇంత వేడిని కంచమంత ఇనుపబిళ్ళలు నాలుగు గాలికి వదలవలెనన్నమాట.)

మామయ్య: ఇది బాగున్నది. ఆ అలమరలోని సీసా యేమి?

మేనల్లుడు: బ్రేకు ఆయిలే. డాట్ 4. సగమున్నది.

మామయ్య: ఎప్పుడు తెరచినావు?

మేనల్లుడు: పోయిన యేడు, ఆఫీసు కారుకు.

ఇక్కడ మామయ్య కుర్చీనుండి లేచిన తీరు వర్ణింపదగినది. తొందర లేదు; కోపము లేదు; డిపోలో ముప్పదేండ్లు కుఱ్ఱవాండ్ర చేతినుండి స్పానర్లు తీసికొన్నవాడు లేచినట్లు లేచినాడు. సీసాను వెలుతురునకు ఎత్తిపట్టి, మూతచుట్టు వ్రేలు త్రిప్పి, ఆ దుమ్మును మేనల్లునికి చూపినాడు.

మామయ్య: మా పెద్దబస్సులకు గాలిబ్రేకులు, వానికీ బాధ లేదు. కాని డిపో జీపులకు, కారులకు ఈ నూనెయే. ఇది గాలిలోని తడిని పీల్చును. డాట్ 4 క్రొత్తదైనచో 230 డిగ్రీల సెల్సియసుదాక మరుగకూడదని నియమము. తడి పీల్చినపిదప 155 నిలిచిన చాలునని అదే నియమము. చూచినావా, ఎంత దిగిపోయినదో! నూనె మరిగినచో గొట్టములో ఆవిరి నిలుచును. నూనె నలుగదు గాని ఆవిరి నలుగును; నీ కాలిబలమంతయు ఆ బుడగను నలుపుటకే పోయి, పెడలు నేలకు అంటును. నీవు చెప్పిన మూడు లీటర్ల నీరు మరుగుట ఇక్కడ జరుగును. ఈ సీసా పారవేయి. క్రొత్తది, మూత విప్పనిది తెచ్చి, నాలుగు చక్రములకు బ్లీడు చేయించు. నేను పెడలు త్రొక్కెదను.

మేనల్లుడు: త్రొక్కుదురా? అయినచో మీకు ఈ పని ఇష్టమే!

మామయ్య: ఇష్టము కాదు. చెడ్డపని చేయువాడైనను మంచి బ్రేకులతో చేయవలెను.

తరువాత మామయ్య విప్పి గోడకు ఆనించిన టైర్ల దగ్గర గొంతుకూర్చున్నాడు. టైరు ప్రక్కగోడమీద కోడిగ్రుడ్డు ఆకారపు గీతలోపల నాలుగంకెలు ఉండును. అతడు కళ్ళజోడు పైకెత్తి, బొటనవ్రేలితో దుమ్ము తుడిచి, ‘1416’ అని చదివినాడు. 2016వ సంవత్సరమున పదునాల్గవ వారము అని దాని తాత్పర్యము. గాడులు ఇంకను లోతుగానే యున్నవి. అమ్మినవాడు అదియే చూపి అమ్మినాడట. మామయ్య గోరు పెట్టి నొక్కగా రబ్బరు కొంచెమైనను లొంగలేదు.

మామయ్య: ఇవి టైర్లు కావు, రాతిరోలు అంచులు. ఆఫీసునకు పోయి వచ్చుటకు ఇంకొక యేడు నెట్టుకొని రావచ్చునేమో. మలుపులో నిన్ను పట్టియుంచునది నీ హస్తమునంత మేర నేలనంటిన రబ్బరు, అదియు నాలుగుచోట్ల. అది ఎండిపోయినపిదప సస్పెన్షనునకు ఎన్ని విష్‌బోనులున్న నేమి?

మేనల్లుడు: ఒప్పుకొన్నాను. టైర్లు మార్చెదను.

నా అభిప్రాయములో ఈ సంవాదము ఇంతటితో ముగియవలసినది. ముసలివాడు గెలిచినాడు, పిల్లవాడు వినినాడు. కాని అప్పుడే మామయ్య చూపు అలమరపైనున్న యొక అట్టపెట్టెమీద పడినది. ఇంకను టేపు విప్పలేదు. మేనల్లుడు చటుక్కున చెంతనున్న గుడ్డను దానిమీద వేయబోయి మానినాడు. ఆ మానుటచేతనే బయటపడినాడు.

మామయ్య: అది?

మేనల్లుడు: టర్బో, మామయ్యా. ఇప్పుడు కాదు, తరువాత వేయింతును. బండికి ఉన్నది 133 హార్సుపవరు. ట్రాకుమీద మాటిమాటికి అందరికి చేయి చాచి దారి ఇచ్చుచుండవలెను. మా తరగతిలో మినీవాను తెచ్చినవాడొకడు నన్ను దాటిపోయినాడనుకొనుడు, నా పరువు?

మామయ్య: పరువు కొరకైనచో ఇంటనే ఉండుము. నేనొకటి చూచినాను, చెప్పెదను. మా కాలపు పాతబస్సులకు కొండ ఎక్కు బలము చాలదు. వానిని నడిపినవాడు మలుపు ఇంకను దూరముండగనే ఊపు చూచుకొనును, స్టీరింగు ఒక్కసారి త్రిప్పును, త్రిప్పినదానిని దిద్దుకొనడు. దిద్దుకొన్నచో ఊపు పోవును, మరల తెచ్చుకొనుటకు ఇంజనులో ప్రాణము లేదు. క్రొత్తబస్సులు వచ్చినపిదప చేరినవాడు యాక్సిలేటరు త్రొక్కుట నేర్చినాడు. వానికి మలుపులో పోగొట్టుకొన్న వేగమును తిన్ననిదారిలో ఇంజనే తిరిగి తెచ్చియిచ్చును గనుక, పోగొట్టుకొన్నానని వానికి తెలియనే తెలియదు. మినీవాను దాటిపోయినచో మంచిదే! ఎక్కడ దాటిపోయినదో చూచుకో. మలుపులో దాటిపోయినచో తప్పు నీది; తిన్ననిదారిలో దాటిపోయినచో తప్పు ఎవరిదియు కాదు.

మేనల్లుడు: మలుపులో దాటనీయరు, చెప్పినాను గదా.

మామయ్య: అయినచో పరువు భద్రముగనే యున్నది. పెట్టె పైకి పెట్టు. ఇంకొక సంగతి: బలము పెరిగిన వేడియు పెరుగును. ఇటు రా.

బానెట్టు ఎత్తి రేడియేటరు పైతొట్టిని చూపినాడు. అది ప్లాస్టికుది, పుట్టినప్పుడు నల్లనిది, ఇప్పుడు పాతచింతపండు రంగునకు తిరిగినది. అట్లు రంగు తిరిగిన తొట్టి ఎప్పుడో ఒకప్పుడు అతుకుకడ పగులునని ఈ బండి నెరిగినవారందరు చెప్పుదురు. విల్లోస్ ప్రాంతమున వేసవిలో ఎండ ఎట్లుండునో, మన నల్లగొండవారికి వేరుగ చెప్పవలసిన పని లేదు. మేనల్లుడు మాటాడక ఫోను తీసి రేడియేటరు వెల చూడసాగినాడు.

మామయ్య: ఇక నీవు దాచినది ఇంకొకటి ఉన్నదా?

మేనల్లుడు: దాచలేదు, చెప్పుచున్నాను. రోల్ బార్. గుడ్డకప్పు బండి గనుక సీట్లవెనుక ఉక్కు కమాను లేనిదే చాలమంది నిర్వాహకులు ట్రాకుమీదికి రానీయరు. అది వేయింతును. దానితోనే సోమవారము ఆఫీసునకును పోదును. ఒకే బండి, రెండు పనులు.

మామయ్య: ఇక్కడ మాత్రము నేను ఒప్పుకొనను. బార్ వేయుము; బండి బోర్లపడినచో నీ తలను నిలుపునది అదియే. కాని అది నీ తలవెనుక జానెడు దూరమున ఉక్కుగొట్టము. ట్రాకుమీద నీకు హెల్మెట్టున్నది. సోమవారము ఆఫీసునకు హెల్మెట్టు పెట్టుకొని పోదువా? సిగ్నలుకడ నిలిచియుండగా వెనుకనుండి ఎవడో గుద్దును, నీ తల వెనుకకు పోవును. పోయి దేనికి తగులును?

మేనల్లుడు: దానికి ప్యాడింగు చుట్టుదురు.

మామయ్య: ఆ నురుగుముక్క ఉన్నదా? చూపించు. ఇది నొక్కిన నొక్కుకొనునా? బల్లచెక్కవలె ఉన్నది. హెల్మెట్టు ఉన్న తలకు చేసినది ఇది, వట్టితలకు కాదు. ఇట్లే ప్రతిదియు. ట్రాకు ప్యాడ్లు చల్లగానున్నప్పుడు సరిగా పట్టవు, వీధిలో అరచును. చక్రములు లోపలికి వాల్చి అమర్చినచో మలుపులో మేలు, హైవేమీద టైరు లోపలియంచు తినిపోవును. భుజములమీద కట్టు పట్టీలు, హార్నెస్ అందురే, అది బార్ లేక కట్టినచో ఇంకను కీడు. కప్పు కూలునపుడు ఒరుగుటకైనను వీలులేకుండ మనిషిని నిట్టనిలువుగ పట్టియుంచును. మరి బీమా? పత్రము చదివినావా?

మేనల్లుడు: చదివినాను. ట్రాకుమీద జరిగినదానికి ఇయ్యరు. ఆ ఒక్కదినమునకు వేరుగ బీమా అమ్మువారున్నారు.

మామయ్య: చదివినావు, సంతోషము. అయినచో రోడ్డుబండి వేరు, ట్రాకుబండి వేరు అని పత్రము వ్రాసినవానికి తెలిసినదే నీకు తెలియలేదు.

మేనల్లుడు: రెండు బండ్లకు చోటేదీ మామయ్యా? అద్దెలు మీరు చూచుచునే యున్నారు. ఆఫీసు కారు వీధిలో నిలుపుటకే ప్రక్కింటివానితో పేచీ. ఈ బండిని నెలకొక్కమారు తిరుగుటకై కట్టివేసి యుంచుట నా వంటివానికి సాధ్యమా? లోకములో సగము పనులు ఒకే బండితో రెండు పనులు చేసికొనువారివే. పొలము దున్నిన ఎద్దులనే తిరునాళ్ళకు బండి కట్టలేదా?

మామయ్య: కట్టినారు. కాని దున్నునపుడు మువ్వలు విప్పినారు. నీ బార్ విప్పుటకు బోల్టులెన్ని?

మేనల్లుడు సమాధానము చెప్పలేదు. నేను అడుగకున్నను నా తీర్పు చెప్పితిని: టర్బో విషయమున మామయ్యదియే గెలుపు, ట్రాకునకు పోవుట విషయమున మేనల్లునిదియే గెలుపు, ఏలయనగా బండిని దాని హద్దుదాక తోలి చూడదలచినవానికి ఆ పనికి వీధి చోటు కాదు, అందరు ఒకే దిక్కునకు పోవు దారి, ప్రక్కన గురువు, మలుపుమలుపునకు జెండా పట్టినవాడు ఉన్నచోటే చోటు, బార్ విషయము నేను తేల్చలేను. ఇద్దరును నావైపు చూచిన చూపులో, తీర్పరి కాఫీ త్రాగుటకు వచ్చినవాడని గుర్తు చేసికొన్నట్లు కనబడినది.

మామయ్య: ఒక్కటి అడుగుదును. తిరిగి తిరిగి పిట్‌లోనికి వచ్చినపుడు హ్యాండ్‌బ్రేకు వేయుదువా?

మేనల్లుడు: వేయను. కాగిన డిస్కును కాగిన ప్యాడు పట్టుకొనియుండినచో రెండును చెడును. కడపటి చుట్టు బ్రేకు ముట్టకుండ మెల్లగ తిరిగి చల్లార్చుకొని, గేరులో నిలిపి, చక్రమునకు అడ్డు పెట్టవలెనని చెప్పినారు.

మామయ్య: అడ్డుచెక్క పెట్టుట ఎవరికి నేర్పుచున్నావురా! అది నేను కోసి ఇచ్చెదను.

ఆ మధ్యాహ్నము క్రొత్త సీసా వచ్చినది. మేనల్లుడు క్రింద పండుకొని బ్లీడర్ నట్టు విప్పుచు ‘త్రొక్కండి’ అనగా మామయ్య త్రొక్కినాడు. ‘పట్టండి’ అనగా పట్టినాడు. సన్నని గొట్టమునుండి మొదట టీ కషాయము రంగు నూనె, బుడగలతో కూడ దిగి, క్రమముగ తేటపడినది. నాలుగవ చక్రమునకు వచ్చుసరికి త్రొక్కుమని చెప్పువాడు మామయ్యయై, క్రింద పండుకొన్నవాడును మామయ్యయై, మేనల్లుడు పెడలుమీదికి మారినాడు. ఎట్లు మారిరో నేను గమనింపలేదు.

తరువాతి శనివారము బండి విల్లోసునకు పోలేదు, రేడియేటరు రాలేదు. దాని పై శనివారము పోయినది. మూడు మైళ్ళ చుట్టులో ఐదవ మలుపు గుట్టమీదికి ఎక్కును, ఆవలి ప్రక్క కనబడదు. అక్కడ భయపడి బ్రేకు త్రొక్కితినని మేనల్లుడు ఫోనులో చెప్పినాడు. పెడలు గట్టిగనే యున్నదట. మినీవాను రాలేదు గాని పాత సెడానొకటి తిన్ననిదారిలో దాటిపోయినదట. రోల్ బార్ ఉన్నది, ఆఫీసునకు మాత్రము ఇతడు రైలులో పోవుచున్నాడు. టర్బో పెట్టె ఇంకను అలమరపైననే యున్నది. అమ్మకమునకు పెట్టినాడు, కొనువారు రాలేదు.